సాలెపురుగు పెండ్లికానుక

ఐరోపాఖండమందలి పచ్చికబయళ్లలో మే, జూను మాసములందు ఒక మగసాలీడు ఈఁగ నొకదానిని బట్టును. పట్టినదానిని వెంటనే తినివేయదు. తన యొడలినుండి వెడలు పట్టుదారముతో ఆ యీఁగను ఇటునటు త్రిప్పి చుట్టి, తెల్లని గుండ్రని మూటగాఁ గట్టును. ఆ మూటను కోఱలతోఁ బట్టుకొని, ఆఁడుసాలీడు నడచిన త్రోవలో విడిచిన దారపుజాడ ననుసరించి పోవును. అది యెదురుపడఁగానే ఒడలు పైకెత్తి, మూటను ముందుకుఁ జాఁచి కదలక నిలుచును. ఆఁడుది వచ్చి ఆ మూటను గఱచి తినుట కారంభించెనా, పెండ్లి కుదిరినట్లే. అది తినుచున్నంతసేపు మగది తన పని చూచుకొనును. అయినను ఒక కాలి గోటితో మూటను మాత్రము పట్టుకొనియే యుండును, పూర్తిగా విడువదు.

శ్రోతలారా! ఈ కానుకను మనుష్యులు ఎప్పుడు చూచిరి, చూచి యేమని యర్థము చెప్పిరి, ఆ యర్థము లెట్లు మాఱుచు వచ్చినవి యను చరిత్రమును నేఁడు మీకు విన్నవింపఁ దలఁచితిని. పురుగుల పెండ్లికిఁ జరిత్ర మేమిటని నవ్వుకొనకుఁడు. ఒక చిన్న సంగతిని సరిగాఁ దెలిసికొనుటకు ఎన్ని తరముల యోపిక పట్టినదో దీనివలనఁ దెలియును.

మన పెద్దలు సాలెపురుగు నెఱుఁగనివారు కారు. అమరకోశమున దీనికి లూత, తంతువాయము, ఊర్ణనాభము, మర్కటకము అని నాలుగు పేళ్లు గలవు. చిన్ననాఁడు అమరము వల్లించినవారికి ఇవి నేఁటికిని నోటనే యుండును. ముండకోపనిషత్తులో ఊర్ణనాభి తనలోనుండి దారమును వెలువరించి, తిరిగి తనలోనికే తీసికొనుట సృష్టికి దృష్టాంతముగాఁ జెప్పఁబడినది. శ్రీకాళహస్తి యను పేరులోని "శ్రీ" సాలెపురుగే. పాముతోను ఏనుఁగుతోను గూడ అదియు శివునిఁ గొల్చి ముక్తి నొందెనని స్థలపురాణము. మన తెనుఁగు పేరును సాలెవాని నేఁతనుబట్టి వచ్చినదే. ఇన్నిచోట్లను పెద్దల మనసు దాని నేఁతమీఁదనే నిలిచినది. దాని పెండ్లిని గూర్చిన మాట నేను చదివిన మన గ్రంథములలో నెచ్చటను గానరాలేదు.

యవనదేశమున క్రీస్తుకుఁ బూర్వము నాలుగవ శతాబ్దియందు అరిస్టాటిలు రచించిన జంతుశాస్త్రగ్రంథమున ఈ ప్రస్తావన గలదు. గూటి నడుమనుండి ఆఁడుది దారమును లాగును, మగది మాఱు లాగును, ఇట్లు లాగుకొనుచు రెండును దగ్గఱకు వచ్చును అని యాతఁడు వ్రాసెను. ఇది దాదాపు రెండువేల మూఁడువందల యేండ్ల క్రిందటి మాట. గూటి దారము వణఁకుటయే సాలీటికి వార్త యగునని నేఁటి శాస్త్రజ్ఞులును జెప్పుదురు. కాఁబట్టి ఆ వృద్ధుఁడు కన్నులు విప్పియే చూచెనని యొప్పుకొనవలయును.

కథ ముందుకు సాగుటకు మున్ను, సాలీటి శరీరమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. మగదానికి నోటి కిరుప్రక్కల రెండు పొట్టిచేతులు గలవు. వాని చివరలు ఉబ్బియుండును. మగది తొలుత చిన్న పట్టుగుడ్డ యొకటి యల్లి, దానిపై రేతోబిందువు నుంచి, ఆ చేతులలోనికిఁ బీల్చుకొనును. ఇట్లు సిద్ధపడిన పిమ్మటనే ఆఁడుదానిని వెదకఁబోవును. ఈ విచిత్రమును 1843లో మెంగే యను జర్మను పండితుఁడు వర్ణించెను. ఇఁక ఆఁడుది తాను గ్రహించిన రేతస్సును వెంటనే వినియోగింపదు. కడుపులోని సంచులలో దాఁచుకొని, గ్రుడ్లు పెట్టునప్పుడు వాడుకొనును. ఈ సంచుల సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలయును. దీనితో ముందు పని యున్నది.

మఱియొక సంగతి. సాలీడు వేఁటజంతువు. తనకంటెఁ జిన్నదియు, తన చేరువఁ గదలునదియు దానికి ఆహారముగానే తోఁచును. పెండ్లికొడుకే పెండ్లికూఁతునకు భోజనమగుట ఈ జాతులలో అరుదు గాదు. పదునెనిమిదవ శతాబ్దిలో డిగీర్ అను స్వీడనుదేశీయుఁడు అట్టి దానిని కన్నులారఁ జూచెను. మగది లాలనమునకై చేరఁగా ఆఁడుది దానిని బట్టి, దారముతోఁ జుట్టి, తినివేసెనఁట. చూచినవానికి భయమును కోపమును గూడ కలిగినవని, ఆ వృత్తాంతమును డార్విను తన గ్రంథమున నుదాహరించెను.

డార్విను పేరు వచ్చినది గనుక ఇచ్చటఁ గొంచెము నిలువవలయును. 1871లో ఆయన మనుష్యుని యుత్పత్తిని గూర్చి ప్రకటించిన గ్రంథమున సగమునకుఁ బైగా జంతువుల జోడియెన్నికను గూర్చిన విచారమే. నెమలికి పింఛ మెందులకు? అది పరుగునకు అడ్డు, శత్రువునకు గుఱుతు. అయినను తరతరములుగా ఆఁడునెమళ్లు మంచి పింఛము గలవానినే కోరుటచేత పింఛము పెరిగినది అని యాయన వాదము. అనఁగా మగదాని యలంకారమునకు శిల్పి ఆఁడుదాని యిష్టము. ఈ మాట ఆనాఁటి పండితులలోఁ జాలమందికి రుచింపలేదు. డార్వినుతోపాటు పరిణామవాదమును గనిపెట్టిన వాలేసే దీనిని ఒప్పుకొనఁడయ్యెను. మగదానికి బలమును ఉత్సాహమును ఎక్కువ గనుక రంగులు వచ్చినవి గాని, పక్షులును పురుగులును అందచందములు చూచి యెన్నుకొనుననుట కాని మాట యని యాతని మతము. 1889లో ఆతఁడు ప్రకటించిన గ్రంథమున ఈ మతమును గట్టిగా స్థాపింపఁ బూనెను.

సరిగా ఆ సంవత్సరముననే అమెరికాలో మిల్వాకీ నగరమునుండి ఆతనికి సమాధానము వచ్చినది. ఇచ్చినవారు పెద్ద విద్యాపీఠముల ఆచార్యులు గారు. జార్జి పెక్‌హామ్ అను నున్నతపాఠశాలోపాధ్యాయుఁడును, ఆయన భార్య యెలిజబెత్తును. బడిపంతులు ఒకఁడు బడి ముగించుకొని వచ్చి, భార్యతోఁ గూర్చుండి, సాలీళ్లను పెట్టెలలో నుంచి గంటలకొలఁది చూచి, వాలేసు నెదిరించి వ్రాసెనన్న మాట నావంటివానికి ఎంత సంతోషము కలిగించునో శ్రోతలే యూహింపవచ్చును. వారు చూచినవి దుమికెడు జాతివి. ఆ జాతికి ముందరి కన్నులు పెద్దవి, చూపు మిక్కిలి తీక్ష్ణము. మగది ఆఁడుదాని యెదుట రంగుల కాళ్లు పైకెత్తి, ప్రక్కప్రక్కకు నడచి, తిరిగి తిరిగి నాట్యమాడును. ఆఁడుది కదలక దానిని జూచుచునే యుండును. కొన్నింటిని దగ్గఱకు రానిచ్చును, కొన్నింటిపై విఱుచుకొనిపడును. మగదాని శరీరమున ఏ భాగము అలంకృతమై యుండునో ఆ భాగమునే అది యెదుటఁ బెట్టి చూపునని ఆ దంపతులు గుర్తించిరి. ఎన్నిక జరుగుచున్నదని వారి తీర్పు. ఆస్ట్రేలియాలోని మయూరసాలీళ్లమీఁద 2015లో జరిగిన పరీక్షలు ఆ తీర్పును బలపఱచినవి: రంగును కాలికదలికయు నేలపైఁ బుట్టించు కంపమును ఎక్కువ చూపిన మగవానికే ఆఁడువి ఎక్కువగా నొప్పుకొనినవి.

ఇది నాట్యము సంగతి. మన కథలోని పెండ్లికొడుకు నాట్యగాఁడు కాఁడు, కానుక తెచ్చువాఁడు. స్వీడనుదేశపు క్లెర్కు 1757లో తన దేశపు సాలీళ్లను వర్ణించు గ్రంథమున దీనికి "మిరాబిలిస్" అని పేరుపెట్టెను. లాటినుభాషలో "ఆశ్చర్యకరము" అని యర్థము. నేఁడు శాస్త్రజ్ఞులు పిసౌరా మిరాబిలిస్ అందురు. ఒడలు అరంగుళము పొడవు. ఇది గూడుకట్టి యెర పట్టునది కాదు. గడ్డిలోఁ దిరిగి పట్టుకొనునది. తల్లి తెల్లని గ్రుడ్లసంచిని కోఱలతో మోయుచుఁ దిరిగి, పిల్లలు వెలువడు వేళకు గడ్డిపోచలపై పట్టుగుడారము నల్లి కాపుండును. మనదేశమునందును ఈ కుటుంబమునకుఁ జేరిన సాలీళ్లు గలవు.

దీని కానుకను గూర్చి 1884లో హాలెండుదేశీయుఁడగు వాన్‌హాసెల్ట్ వ్రాసెను. విశేష మేమనఁగా, పెండ్లికూఁతునకుఁ దన శరీరమునే యర్పించు మఱియొక సాలీటికి అదివఱకే, 1870లో, ఈతని పేరు పెట్టఁబడియున్నది. దానికథ ముందు వచ్చును.

కానుక చూచినవారికి మొదట కలిగిన భావము సహజముగా మనుష్యభావమే: ప్రియుఁడు ప్రియురాలికిఁ దెచ్చిన బహుమానము అని. ఈ భావమును ప్రక్కకు నెట్టి, కఠినమైన కారణము చెప్పినవాఁడు బ్రిస్టో అను నాంగ్లేయుఁడు. ఈతఁడు రసాయనద్రవ్యముల వ్యాపారసంస్థలో ఉద్యోగి. సాలీళ్లు ఆయనకు తీరికవేళల వ్యసనము. 1926లో లాకెట్ అను మిత్రునితోఁ గలిసి, నేలమీఁదఁ దిరుగు సాలీళ్ల ప్రణయచేష్టలను గూర్చి లండను జంతుశాస్త్రసంఘమువారి పత్రికలో వ్రాసెను. మగదాని చేష్టలన్నియు "నేను ఆహారమును గాను" అని తెలుపుటకే యని వారి సారాంశము. కానుకయు అట్టిదే: ఆఁడుదాని కోఱలు ఈఁగలో దిగియున్నంతసేపు పెండ్లికొడుకు ప్రాణమునకు భయము లేదు. 1958లో ప్రకటించిన ఆయన గ్రంథము చదివినవారందఱును ఈ మాటనే నమ్మిరి.

నమ్మినవారు చాలమంది, పరీక్షించినవారు కొలఁదిమంది. వినుటకు ఇంపుగా నున్న మాటకు సాక్ష్య మడుగువాఁడు అరుదు. పరీక్ష మొదలైన తరువాత కథ చిక్కుపడినది. ఏలయన, ఈ జాతిలో ఆఁడుది మగదానిని తినుట మనము భయపడినంత తఱచు కాదు. కానుక లేకయే వచ్చిన మగవియు కొన్ని క్షేమముగా మరలినవి, కొన్నింటికి పెండ్లియు నైనది. అట్లైనచో కానుక ప్రాణరక్షణకే యనుట యెట్లు? పిల్లలకు బలము చేకూర్చుటకై తండ్రి ముందుగా తల్లికి ఆహారము తెచ్చుచున్నాఁడని కొందఱు తలఁచిరి. 2001లో స్టాల్‌హాండ్‌స్కే యను పరిశోధకురాలు దీనిని పరీక్షించినది. ఒక్క కానుక తిన్నంతమాత్రమున గ్రుడ్ల సంఖ్యయు పెరుగలేదు, పరిమాణమును పెరుగలేదు. కాని కానుక పెద్దదైనకొలఁది సంగమకాలము పెరిగినది. అది పెరిగినకొలఁది ఫలించిన గ్రుడ్లు హెచ్చినవి. అనఁగా కానుకవలన మొదట బాగుపడునది ఇచ్చినవాఁడే. మఱుసటియేఁట ఆమెయే మఱొక విచిత్రమును బయటఁబెట్టినది. మూట తెల్లఁగా నున్నకొలఁది ఆఁడుది త్వరగా అందుకొనును. తెల్లని గుండ్రని పట్టుమూట దానికి దేనిని దలఁపించును? తాను మోయవలసిన గ్రుడ్లసంచినే. తల్లిదనమున కేర్పడిన స్వభావమును పెండ్లికొడుకు తన పనికి వాడుకొనుచున్నాఁడని ఆమె యూహ.

డెన్మార్కులోని ఆర్హస్ విశ్వవిద్యాలయమువారు 2008లో దీనికి అడ్డుచెప్పిరి. చుట్టినమూటను ఆఁడుది ప్రత్యేకముగాఁ గోరుట తమకుఁ గనఁబడలేదనియు, చుట్టుటవలన మగదానికి పట్టు చిక్కుననియు వారు తేల్చిరి. చుట్టని యీఁగను ఆఁడుది లాగుకొని పాఱిపోవును. గట్టిగాఁ జుట్టిన మూటకు మగవాఁడు గోళ్లు దిగవేసి వ్రేలాడఁగలఁడు. కానుక యిచ్చుచు దానిని విడువకుండుటలోని రహస్య మిదియే.

లాగుకొని పాఱిపోవుట యంటిని గదా! ఇచ్చట ఈ సాలీడు చేయు పని విన్న నవ్వు వచ్చును. ఆఁడుది మూటతోఁ బరుగెత్తినప్పుడు మగది పట్టు విడువదు, పోరాడదు. కాళ్లు చాఁచి చచ్చినట్లు బిగుసుకొనిపోవును. మూటతోఁ గూడ శవమువలె ఈడ్వఁబడును. ఆఁడుది యొకచోట నిలిచి తినుటకు మొదలిడఁగానే మెల్లఁగాఁ గాళ్లు ముడుచుకొని లేచి, విడిచినపని మరల నందుకొనును. ఆర్హస్‌వారు 2006లోను 2008లోను దీనిని వివరించిరి. చచ్చినట్లు నటించువానికి నటింపనివానికంటె పెండ్లి యగుట యెక్కువ. శత్రువును జూచి చచ్చినట్లు పడియుండు పురుగులను మన పొలములలోఁ జూచుచునే యున్నాము. పెండ్లికై చచ్చువాఁడు మాత్రము అరుదే.

ఇఁక కథలోని ముఖ్యభాగము. ఈ మూటలను విప్పి చూచిన శాస్త్రజ్ఞులకు అన్నింటను ఈఁగ గనఁబడలేదు. కొన్నింట రసము పీల్చివేసిన తొక్క, కొన్నింట ఎండిన గింజయో పువ్వుముక్కయో యుండెను. పైకి చూడ అన్నియు నొక్కటే: తెల్లఁగా, గుండ్రముగా, బిగువుగా. పట్టుబట్టలో మట్టిగడ్డను మూటగట్టి సారె పంపినట్లు! ఉరుగ్వేదేశమునుండి వచ్చి ఆర్హస్‌వారితోఁ బనిచేసిన మరియా హోసే ఆల్బో యను విదుషి 2011లో దీనిని తూఁచి చూచినది. మంచి కానుక తెచ్చినవానిని, ఉత్త కానుక తెచ్చినవానిని, కానుక లేనివానిని వేఱువేఱుగా ఆఁడువాని యొద్దకు విడిచిరి. కానుక లేనివానికి పెండ్లి దుర్లభమైనది. ఉత్త కానుకవానిని మాత్రము మంచి కానుకవానితో సమానముగానే అంగీకరించినవి. ఇంతవఱకు మోసము గెలిచినది. కాని మూటను గొఱికి లోపల సారము లేదని తెలియఁగానే ఆఁడుది సంగమమును త్వరగా ముగించి లేచిపోయినది. కావున వానికి దక్కినది తక్కువ.

మన ధర్మశాస్త్రములలో ఎనిమిది విధములగు వివాహములు చెప్పఁబడినవి. వరుఁడు కన్యకును ఆమె బంధువులకును ధనమిచ్చి చేసికొనునది ఆసురమనిరి. సాలీటి పెండ్లిని ఆ పేరఁ బిలుతమా యని యెవరైన నడుగవచ్చును. నాకుఁ దోఁచినంతవఱకు పోలిక పొసఁగదు. ఇచ్చటఁ దండ్రి లేఁడు, బంధువులు లేరు, మధ్యవర్తి లేఁడు. ఇచ్చువాఁడు వరుఁడు, పుచ్చుకొనునది కన్య. పుచ్చుకొనిన తరువాతఁ గూడ ఎంతవఱకు ఒప్పుకొనుట యనునది ఆమె చేతిలోనే యున్నది. వాలేసు లేదన్న యెన్నిక ఇదియే. అది పెండ్లిపీటలమీఁద ముగియలేదు, తరువాతను సాగుచునే యున్నది.

ఎంతదూరము సాగుచున్నదో 2013లో వెలువడిన మఱొక పరీక్షవలనఁ దెలిసినది. ఆఁడుదాని కడుపులోని సంచులను మీరు మఱచియుండరు. ఆల్బోయు ఆమె తోడివారును, కానుక తెచ్చినవానికిని తేనివానికిని సంగమకాలము సమానముగా నుండునట్లు ఏర్పాటుచేసిరి. కాలము సమానము గనుక ఫలమును సమానముగా నుండవలయును గదా! ఉండలేదు. కానుక తెచ్చినవాని రేతస్సే ఆఁడుదాని సంచులలో ఎక్కువగా నిలిచినది. మగవాఁడు వచ్చి, తన పని ముగించి, క్షేమముగాఁ బోయినను, వానికి సంతాన ముండవలెనా యనుట ఆఁడుది లోలోపల, ఎవ్వరికిని గానరాకుండ నిర్ణయించుచున్నది. శాస్త్రజ్ఞులు దీనిని నిగూఢమైన యెన్నిక యందురు. డార్విను నెమలిపింఛమును జూచి చెప్పిన మాట కంటికి గానరాని చోటఁ గూడ నిజమగుచున్నది.

మఱి బ్రిస్టో మాట యేమైనది? అదియు వృథా పోలేదు. 2016లో టాఫ్ట్, ఆల్బో యను నిరువురు కానుక తెచ్చినవానిని తేనివానితో సరిపోల్చి, కానుక గలవాఁడు పెండ్లికి ముందే తినఁబడుట మిక్కిలి తక్కువ యని చూపిరి. డాలువలె కానుక అడ్డుపడుచున్నదని వారు వ్రాసిరి. తొంబదియేండ్ల క్రింద తీరికవేళల వ్యసనపరుఁడు చెప్పిన మాటకు ఇట్లు సాక్ష్యము దొరకినది. అయితే ఆయన అదియే సర్వకారణ మనుకొనెను. అది పలు కారణములలో నొకటి.

కానుక మొదట నెట్లు పుట్టెను? పూర్వజాతులు నశించినవి గనుక వాని నడవడి శిలలలో దొరకదు. బ్రదికియున్న జాతులను జూచి యూహింపవలసినదే. ఐరోపాలో మెటెల్లీనా యను గూడుకట్టు సాలీడు గలదు. దాని మగది ఆఁడుదాని గూటియంచున ఓపికతోఁ గాచుకొనియుండును. గూటిలో ఈఁగ పడి, ఆఁడుది దానిమీఁదకు పోవు సమయము చూచి ప్రణయమారంభించును. దానికిఁ దనది కాని యీఁగయే యవకాశము. తరువాతి మెట్టు ఈఁగను దానే తెచ్చుట. ఆ పైది చుట్టి తెచ్చుట. కడపటిది లోపల నేమియు లేకయే చుట్టి తెచ్చుట. ఒక జాతినుండి మఱొకటి పుట్టెనని నేను జెప్పుట లేదు. మెట్లన్నియు ఎచ్చటనో యొకచోట బ్రదికియే యున్నవని మాత్రము చెప్పుచున్నాను. కొన్నిజాతుల యీఁగలలోను ఇట్టి వరుసయే యున్నదని కెసెల్ అను అమెరికాపండితుఁడు 1955లో చూపెను. ఆ యీఁగలలో కొన్ని జాతుల మగవి ఎరను తెచ్చును, కొన్ని చుట్టి తెచ్చును, తుదకు కొన్ని ఉత్త పట్టుబుడగనే తెచ్చును. ఆఁడుది దానినే గైకొనును.

పైన పేర్కొన్న మఱొక సాలీడు ఆస్ట్రేలియాలోనిది. వీఁపున ఎఱ్ఱచాఱ గల నల్లని విషజంతువు. దీని మగది ఆఁడుదాని తూఁకములో నూఱవపాలో రెండుపాళ్లో యుండును. ఈ యల్పుఁడు తేఁదగిన యీఁగ ఆఁడుదాని కే మూలకు? సంగమమధ్యమున వీఁడు మొగ్గవేసి, తన యుదరమును ఆఁడుదాని కోఱలలోఁ బెట్టును. మాయ్‌డియాన్ ఆండ్రేడ్ అను విదుషి 1996లో దీని లెక్క తేల్చినది. సంగమములలో నూటికి అఱువదియైదింట మగది తినఁబడినది. తినఁబడినవాఁడు తప్పించుకొనినవానికంటె ఎక్కువసేపు సంగమించి, సుమారు రెట్టింపు గ్రుడ్లకుఁ దండ్రి యగుచున్నాఁడు. పైఁగా వానిని దిన్న ఆఁడుది రెండవవానిని సాధారణముగా దరిఁజేరనీయదు. ఇంత చిన్న శరీరమువలన ఆఁడుదానికిఁ గలుగు పోషణ మాత్రము చెప్పుకొనఁదగినది కాదు. దీనిని త్యాగమని కొందఱు పొగడుదురు. ఆ మాట నాకు సరిపడలేదు. వానికి మఱొక ఆఁడుది దొరకు నాస లేదు. ఉన్న యొక్క పెండ్లిలోనే సంతానము నిలుపుకొను స్వభావము గలవాని వంశమే నిలిచినది. అట్లే ఉత్త మూట తెచ్చినవానిని వంచకుఁడనుటయు మన మాటయే. ఎర దొరకనివాఁడు దొరకినదానిని జుట్టుచున్నాఁడు, అంతే.

ఉత్త మూటల సంగతి ఇంకను ముగియలేదు. దక్షిణ అమెరికాలో ఉరుగ్వే, బ్రెజిలు మొదలగు దేశముల సెలయేళ్ల యొడ్డున గులకఱాళ్లమీఁదఁ దిరుగు సాలీడు గలదు. పేరు పారాట్రెకేలియా ఆర్నాటా. మన మిరాబిలిస్‌ది వేఱొక కుటుంబమైనను దాయాదికుటుంబమే. దీని మగదియు చుట్టిన కానుకనే తెచ్చును. సంధ్యాకాలపు మసక వెలుఁగులోఁ దిరుగునది గనుక మూట తెలుపు దూరమునకుఁ గనఁబడును. పరిశోధకులు కొన్ని మగవాని కోఱలకు తెల్లరంగు పూసి కానుక లేకయే పంపఁగా, ఆ తెలుపును జూచియే ఆఁడువి చేరవచ్చినవని 2014లో ప్రకటించిరి. పట్టుదారమునకుఁ బట్టిన వాసనయు వాని నాకర్షించునని యంతకుముందే తెలిసినది. ఇట్లు ఆఁడుదాని చూపును వాసనయు మూట పైభాగమునే నమ్ముచుండఁగా, లోపలి సారము తగ్గుటలో వింత యేమి? ఆ యేళ్ల యొడ్డున దొరకిన మూటలను విప్పి చూడఁగా సగముకంటె ఎక్కువవానిలో సారమున్న ఎర లేదు. డెన్మార్కు పచ్చికలలో ఆఁడుది ఉత్త మూటవానిని త్వరగా సాగనంపి తగిన శిక్ష విధించుచుండఁగా, ఉరుగ్వే యేటియొడ్డున ఆ మూటయే వాడుక యగుచున్నది. ఒకే యాచారము రెండుచోట్ల రెండు త్రోవలఁ బట్టినది. ఎర సమృద్ధిగా దొరకు చోట్లను, దొరకని చోట్లను ఏరి, మూటలు విప్పి, ఆఁడువి వేని నెంతసేపు సహించునో లెక్కించు పని నేఁటికిని సాయంకాలములందు ఆ గులకఱాళ్ల నడుమ సాగుచున్నది.